చెప్పులు విడిచి రా, తాతా!

పిల్లలూ! ముప్ఫయి మూడేళ్ళు నేను బడిపంతులుగా పనిచేశాను. అందులో ఆఖరి పదేళ్ళు ప్రధానోపాధ్యాయుణ్ణి. సాంఘికశాస్త్రం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ జపాను పాఠం వచ్చేది. గోడమీద పటం వేలాడదీసి, బెత్తంతో నాలుగు పెద్ద దీవులు చూపించి, "ఇది సూర్యుడు ఉదయించే దేశం. ఇక్కడ భూకంపాలు ఎక్కువ. ప్రజలు కష్టజీవులు" అని చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో నేను చెప్పిందే తిరిగి రాసేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి. ఆ దేశాన్ని వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు!

మాది సుల్తానాబాద్. కరీంనగరం నుంచి పెద్దపల్లికి పోయే దారిలో ఉన్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మేము కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్ళం, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. ఊరినిండా బియ్యపు మిల్లులు. మిల్లు మోత వినకపోతే మాకు నిద్ర పట్టదు. అటువంటి ఊరివాణ్ణి, 2023 మార్చి నెలలో, నేనూ మా ఇంటావిడా కలిసి టోక్యో నగరానికి పోయి మూడు నెలలు ఉండి వచ్చాం. మా అమ్మాయీ అల్లుడూ అక్కడ కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్నారు. మనవడు అక్కడి బడిలోనే మూడో తరగతిలో చేరబోతున్నాడు. జపానులో చదువుల సంవత్సరం ఏప్రిల్ నెలలో మొదలవుతుంది.

పోయేముందు ఒక పుణ్యాత్ముణ్ణి గురించి చదివాను. ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. 1850లో గ్రీసు దేశపు దీవిలో పుట్టాడు. తల్లి గ్రీకు స్త్రీ, తండ్రి బ్రిటిషు సైన్యంలో వైద్యుడయిన ఐరిష్‌వాడు. 1890లో ఆయన జపానుకు వచ్చి, మత్సుయె అనే ఊళ్ళో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా చేరాడు. అక్కడి చలికి తట్టుకోలేక మరుసటి ఏడే వేరే ఊరికి పోయాడు గాని, దేశం విడిచి పోలేదు. సెట్సు అనే జపాను వనితను పెళ్ళాడి, 1896లో ఆ దేశపు పౌరుడై, కోయిజుమి యాకుమొ అని పేరు మార్చుకున్నాడు. ఆయన ఆ భాషను ధారాళంగా చదవలేకపోయేవాడు. అందుచేత భార్య చెప్పిన కథలు విని, వాటిని ఇంగ్లీషులో రాశాడు. ఆయన 1904లో చనిపోయినా, ఆ కథలను జపాను పిల్లలు ఇప్పటికీ చదువుతారు. కొత్త దేశానికి పోయిన పంతులు ముందు తాను విద్యార్థి కావాలన్నమాట! సరే, నేనూ అట్లాగే ఉండాలని నిశ్చయించుకున్నాను.

అయితే పాఠం ఇంత తొందరగా మొదలవుతుందని అనుకోలేదు. విమానం దిగి, రైలెక్కి, నిషి-కసాయి అనే పేటలో మా అమ్మాయి ఇల్లు చేరుకున్నాం. 2000వ సంవత్సరం ప్రాంతం నుంచి మన దేశపు ఇంజనీర్లు ఎందరో ఆ పేటలో కాపురాలు పెట్టారు. తలుపు తీయగానే నేను సంతోషంగా లోపలికి అడుగు వేశాను. మనవడు చేతులు అడ్డం పెట్టి, "చెప్పులు విడిచి రా, తాతా!" అన్నాడు.

నాకు కొంచెం చిన్నతనమనిపించింది. మన ఇళ్ళల్లోనూ చెప్పులు బయటే విడుస్తాం గదా, వీడు నాకు చెప్పేదేమిటి? చెప్పులు విడిచాను. వాడు వంగి, నా చెప్పులు తీసి, ముక్కులు గుమ్మం వైపుకు ఉండేటట్టు తిప్పి పెట్టాడు. "ఇట్ల పెడితే, మళ్ళ పోయేటప్పుడు తొడుక్కునుడు అల్కగ ఉంటది" అన్నాడు. రేపటి పని ఇవాళే సగం చేసి పెట్టుకోవటం! అరవై రెండేళ్ళలో నాకు తోచని సంగతి.

ఇంట్లో తొడుక్కునేందుకు మెత్తని చెప్పులు వేరే ఉంటాయి. మరుగుదొడ్డికి ఇంకొక జత. నేను ఆ రాత్రి మరుగుదొడ్డి చెప్పులతోనే వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగాను. మనవడు విరగబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, నేను ఆ పొరపాటు రెండోసారి చెయ్యలేదు.

మరునాడు మరొక పొరపాటు చేశాను. ఇది మన విజ్ఞానం పేజీకి తగినది. నేను లాల్చీలకు స్వయంగా ఇస్త్రీ చేసుకుంటాను. అందుకని ఇంటినుంచి ఇస్త్రీ పెట్టె వెంట తెచ్చుకున్నాను. అక్కడి గోడకు సరిపోయే ప్లగ్గు తగిలించి మీట నొక్కాను. అరగంట గడిచినా పెట్టె గోరువెచ్చగానే ఉన్నది! ఎందుకో తెలుసా? మన రామగుండంలో తయారయిన విద్యుత్తు అయినా, ఇంకెక్కడిదయినా, మన ఇళ్ళకు 230 వోల్టులలో వస్తుంది. జపాను ఇళ్ళకు 100 వోల్టులలో వస్తుంది. సగం కన్న తక్కువ గనుక వేడి కూడా సగం కన్న కొంచెం తక్కువ ఉంటుందని మీరు అనుకుంటారు. కాదు. వోల్టులు తగ్గితే తీగలో పారే కరెంటు కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది. రెండు నష్టాలూ కలిసి వస్తాయి. 100ని 230తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి చూడండి. సుమారు 0.19 వస్తుంది. అంటే, ఇక్కడి వెయ్యి వాట్ల పెట్టె అక్కడ 190 వాట్ల పెట్టె! లాల్చీ ముడతలు ఎక్కడి వక్కడే ఉన్నాయి.

ఇంకొక చిత్రం వినండి. జపానులో తూర్పు భాగాన విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తులు, పడమటి భాగాన 60. ఒకే దేశంలో రెండు రకాలు! సుమారు నూటముప్ఫయి ఏళ్ళ కిందట టోక్యోవారు జర్మనీ నుంచి, ఒసాకావారు అమెరికా నుంచి యంత్రాలు తెప్పించుకున్నారు. ఆ తేడా ఈనాటికీ పోలేదు. మొదట తొందరపడి వేసిన అడుగును తరవాత దిద్దుకోవటం ఎంత కష్టమో చూశారా?

ఇక భాష. వీధిలోకి వస్తే నాకు ఒక్క అక్షరం తెలియదు. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి, అంగడి బోర్డు చదవలేని నిరక్షరాస్యుణ్ణి అయిపోయాను. ఉప్పు అనుకుని పంచదార కొన్నాను. అప్పుడు, మా ఊళ్ళో బస్సు బోర్డు చదవలేక, "ఇది ఎటు పోతది సారూ?" అని అడిగే ముసలమ్మలు గుర్తుకు వచ్చారు. వాళ్ళల్లో కొందరికి నేను విసుగ్గా జవాబు చెప్పి ఉంటాను.

మనవడే నాకు గురువు అయినాడు. పలక బదులు ఒక పాత పుస్తకం వెనక రాసి చూపించాడు: "అ, ఇ, ఉ, ఎ, ఒ." నేను ఉలిక్కిపడ్డాను. ఇవి మన అచ్చులే గదా! ఆ తరవాత వరస విన్నాను: క, స, త, న, హ, మ, య, ర, వ. మనం క, చ, ట, త, ప అని చెప్పుకున్నట్టే, నోటి లోపలినుంచి పెదవులదాకా వచ్చి, మ తరవాత య, ర, వ. దీనికి కారణం ఉన్నది. వెనకటి కాలంలో జపాను బౌద్ధ భిక్షువులు సంస్కృతం నేర్చుకుంటూ, మన దేశపు వర్ణమాల క్రమాన్ని తమ అక్షరాలకు అమర్చుకున్నారు. ఇట్లాంటి మూల అక్షరాలు 46. ఇవి గాక చీనా నుంచి వచ్చిన బొమ్మలవంటి అక్షరాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళల్లో 1,026 నేర్చుకోవాలి. మన గుణింతాలు కష్టమని ఏడ్చే పిల్లలు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి!

వాక్యం కూడా మనదానివంటిదే. "నేను బడికి పోతాను" అనటానికి వాళ్ళు "వతాషి వ గక్కో ని ఇకిమాసు" అంటారు. వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, ని అంటే కి, ఇకిమాసు అంటే పోతాను. మాటల వరస తెలుగులో ఉన్నట్టే ఉన్నది! క్రియ చివరనే వస్తుంది. దానితో నాకు ధైర్యం వచ్చింది. నెల తిరిగేసరికి 46 అక్షరాలూ పట్టుబడ్డాయి. మనవడు నాకు పరీక్ష పెట్టి, తప్పు రాసిన రెండింటికి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాడు. నేను ఎందరికి చుట్టానో!

పక్కవాటాలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఒకనాడు నేను చెత్తసంచీ తీసుకుపోయి వీధి మూల పెట్టాను. బండి వచ్చి మిగతావారివన్నీ తీసుకుపోయింది, నా సంచీకి మాత్రం ఒక కాగితం అంటించి అక్కడే వదిలివేసింది. అక్కడ కాలే చెత్తకు ఒక వారం, సీసాలకూ డబ్బాలకూ ఒక వారం, పాత కాగితాలకు ఒక వారం. నేను అన్నీ కలిపి కట్టాను. వీధిలో అందరి ఎదుట నా సంచీ ఒక్కటే తలవంచుకుని నిలబడి ఉన్నది! ఆ ముసలావిడ వచ్చి, ఒక్క మాటయినా అనకుండా, నాతోపాటు కూర్చుని సీసాలు ఒక పక్క, కాగితాలు ఒక పక్క వేరు చేయించింది.

మా ఇంటావిడ ఆమెకు ఏదయినా పెట్టాలన్నది. సర్వపిండి చేసింది. జపాను బియ్యం పొట్టిగా, ఉండి, వండితే జిగురుగా అవుతుంది. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజు అనే భాగం ఎక్కువగా ఉంటే అన్నం పొడిపొడిగాను, తక్కువగా ఉంటే ముద్దగాను ఉంటుంది. వారి బియ్యంలో అది తక్కువ. పుల్లలతో అన్నం ఎట్లా తింటారా అని మీరు ఆశ్చర్యపడతారు గదా? అన్నమే వాళ్ళకు సాయపడుతుంది! ఆ పిండితో సర్వపిండి కొంచెం మెత్తబడింది గాని, పల్లీలూ నువ్వులూ కారమూ మన రుచి నిలబెట్టాయి. ముసలావిడ కళ్ళవెంట నీళ్ళు కారుతూ ఉండగా నవ్వుతూ తిన్నది. రెండు రోజుల తరవాత మా గిన్నె తిరిగి ఇచ్చింది. ఖాళీ గిన్నె కాదు, నిండా నారింజ పళ్ళు. మా ఇంటావిడ, "మా అమ్మ గూడ ఒట్టి గిన్నె ఎన్నడు తిరిగి ఇయ్యలే" అన్నది. భాష తెలియని ఇద్దరు ముసలమ్మలు ఆ గిన్నెతోనే మూడు నెలలు మాట్లాడుకున్నారు.

మే నెలలో ఒకనాటి తెల్లవారుజామున మంచం ఊగింది. నేను కలగన్నాననుకున్నాను. ఇంతలో మనవడు, "తాతా! బల్ల కిందికి!" అని అరుస్తూ వచ్చి నా చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరమూ భోజనం బల్లకింద దూరాం. వాడు ఒక చేత్తో తల కప్పుకుని, రెండో చేత్తో బల్ల కాలు పట్టుకున్నాడు. కొన్ని క్షణాలలో అంతా సర్దుకున్నది. వాడికి భయం లేదా అంటే, ఉన్నది. చెయ్యి వణుకుతూనే ఉన్నది. కాని ఏం చెయ్యాలో వాడికి తెలుసు. బడిలో మాటిమాటికీ అభ్యాసం చేయిస్తారు.

భూకంపంలో రెండు రకాల అలలు వస్తాయి. మొదటిది వేగంగా వస్తుంది గాని చిన్నది. రెండవది మెల్లగా వస్తుంది గాని ఎక్కువగా ఊపుతుంది. 70 కిలోమీటర్ల దూరాన భూమి కదిలితే, మొదటి అల సుమారు పది సెకండ్లకూ, రెండవది ఇరవై సెకండ్లకూ వస్తుంది. మొదటి అలను పరికరాలు పసికట్టి, రెండవది రాకముందే టెలివిజనులోనూ ఫోనులలోనూ హెచ్చరిస్తాయి. ఇట్లా ప్రజలందరికీ తెలపటం 2007లో ప్రారంభించారు. పది సెకండ్లలో ఏమవుతుందని అడుగుతారేమో! బల్లకింద దూరవచ్చు, పొయ్యి ఆర్పవచ్చు.

ఇంత చెప్పినా, నేను అసలు చెప్పదలచుకున్నది ఇంకా చెప్పలేదు. చెప్పటానికి కొంచెం సిగ్గుగా ఉండటమే ఆలస్యానికి కారణం.

ఒకనాడు తల్లిదండ్రులు బడికి వచ్చి చూడవచ్చునని కబురు వస్తే, అమ్మాయితోపాటు నేనూ పోయాను. మధ్యాహ్నం పిల్లలు తెల్లని బట్టలూ టోపీలూ వేసుకుని, తోటి పిల్లలకు వాళ్ళే వడ్డించారు. ఉపాధ్యాయిని కూడా అదే గదిలో, అదే అన్నం తిన్నది. తరవాత గంట మోగింది. నేను పాఠం మొదలవుతుందనుకున్నాను. పిల్లలందరూ బల్లలు ఒక పక్కకు జరిపారు. కొందరు చీపుర్లు తీశారు. కొందరు తడిగుడ్డలు నేలకు ఆనించి, రెండు చేతులతో నొక్కుతూ, గది ఈ కొసనుంచి ఆ కొసకు పరుగులు తీశారు. ఉపాధ్యాయిని కూడా మోకాళ్ళమీద కూర్చుని తుడుస్తున్నది. మరమ్మతులవంటి పనులకు బడిలో మనుషులు ఉన్నారు గాని, తమ గదినీ వరండానూ శుభ్రం చేసుకోవటం మాత్రం పిల్లల పని. వంతులు గోడమీద రాసి ఉన్నాయి.

ఇంటికి వస్తూ మనవణ్ణి అడిగాను: "మీ తరగతిలో ఎప్పుడూ ఊడ్చే పిల్లవాడు ఎవడురా?"

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎప్పుడు ఊడ్చే పిల్లగాడా? అట్ల ఎవలుంటరు తాతా?" అన్నాడు.

నేను మారుమాట్లాడలేదు. ఎందుకంటే అట్లా ఒకడు ఉండేవాడు. నేను పనిచేసిన ఒక బడిలో, ఊడ్చే మనిషి రాని రోజుల్లో, నేను ఒక పిల్లవాణ్ణి పిలిచేవాణ్ణి. ఎప్పుడూ వాణ్ణే. వాడి తల్లి నలుగురి వాకిళ్ళు ఊడ్చి బతికేది. అందుచేత వాడికి ఆ పని వచ్చునని నేను అనుకున్నాను. తిట్టలేదు, కొట్టలేదు. "రారా, జర గది ఊడువు" అని మెత్తగానే అనేవాణ్ణి. వాడు ఊడ్చి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మొదటి పాఠం సగం అయిపోయేది. ఆ పాఠం లెక్కలది. వాడికి లెక్కలు రాలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. నేను హాజరు పట్టీలో వాడి పేరు ఎర్ర సిరాతో కొట్టివేసి, తరవాతి పేరు పిలిచాను. అంతే. మరచిపోయాను.

మరచిపోయాననే అనుకున్నాను. జపానులో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జూన్ నెలలో మా ఊరికి తిరిగి వచ్చాం. వాకబు చేశాను. ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై ఏళ్ళవాడు, ఒక బియ్యపు మిల్లులో బస్తాలు మోసే పనివారికి మేస్త్రీ. నన్ను చూసి గబగబా లేచి, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడవబోయాడు. నేను ఆపి, ఆ తువ్వాల నా చేతికి తీసుకుని, నేనే తుడుచుకుని కూర్చున్నాను. జపాను బడిలో చూసింది చెప్పాను. "నిన్ను అట్లా పిలవటం నాది తప్పు" అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఊడ్చుడుకు నాకు బాధ లేకుండె సారూ. మా అవ్వ గూడ గదే పని చేసింది. గని అందరు కూసున్నంక, నన్నొక్కన్నే పిలిచేటోళ్ళు. గప్పుడు అందరు నా దిక్కు చూసేటోళ్ళు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అతని కూతురు అప్పుడు ఏడో తరగతి. లెక్కల్లో వెనకబడ్డదని చెప్పాడు. ఆనాటినుంచి సాయంత్రాలు ఆ అమ్మాయి, మరి నలుగురు పిల్లలూ మా ఇంటికి వచ్చి లెక్కలు నేర్చుకుంటున్నారు. పాఠం కాగానే వరండా ఊడుస్తాం. వంతులు గోడమీద రాసి పెట్టాను. సోమవారం నా వంతు. మొదటి సోమవారం నేను చీపురు పట్టుకుంటే ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఇప్పుడు ఎవరూ చూడరు.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు ప్రాంతంలో భూమి కంపించింది. 5.3 తీవ్రత గల ఆ భూకంపం మా దాకా తెలిసింది. గోడమీది పటం ఊగగానే నేను బల్లకింద ఉన్నాను! మా ఇంటావిడ పొయ్యి ఆర్పి వచ్చి, నా పక్కనే కూర్చున్నది. ఆ సాయంత్రం ఫోనులో మనవడికి చెబితే, "నూరు మార్కులు, తాతా!" అన్నాడు.

పిల్లలూ! పరదేశంలో అంతా మంచే అనుకోకండి. అక్కడ మా అల్లుడు రాత్రి చాలా పొద్దుపోయి ఇల్లు చేరేవాడు. పక్కింటి ముసలావిడతో మాట్లాడేవారు లేరు. మంచీ చెడూ అన్ని దేశాలలోనూ ఉన్నాయి. కాని కొత్త ఊరికి పోతే మన ఊరు కొత్తగా కనిపిస్తుంది. అందుకు జపాను దాకా పోనవసరం లేదు. రేపు మీ బడికి పోయినప్పుడు, మూలనున్న చీపురు వంక ఒకసారి చూడండి. అది ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే కనిపిస్తున్నదా? అయితే మీరు పోయి, "ఇవాళ నా వంతు" అని అడిగి తీసుకోండి. పెద్దలారా, మీకూ ఇదే మనవి. నాకు ఈ సంగతి తెలిసేసరికి అరవై రెండేళ్ళు వచ్చాయి. మీకు అంత ఆలస్యం కాకూడదు.